మూడో తరగతిలో రోజూ గొడవలే, నీతి కథలు చెప్పినా మారట్లేదు. ఏం చేయాలి?

మేడం, 32 మంది పిల్లలు, మీరొక్కరే, ఇంటర్వెల్ అయ్యాక రోజూ పంచాయితీ అన్నారు. నీతి కథతో తప్పేదో తెలుస్తుంది గానీ, కోపం తన్నుకొచ్చిన నిమిషంలో ఏం చేయాలో తెలియదు. అది రోజూ కాస్తంత అలవాటు చేయాల్సిన పని.

ముందు మాటలు ఇవ్వండి. హాజరు పిలిచేటప్పుడు ‘ప్రెజెంట్ టీచర్’ బదులు మనసెలా ఉందో ఒక్క మాట చెప్పించండి. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. మొదటి వారం సంతోషం, కోపం, భయం, దిగులు చాలు. తర్వాత వారానికి రెండేసి. తెలుగులో ఎంత సన్నని తేడాకైనా మాటుంది, వాడుకోండి. అలిగిన పిల్ల బతిమాలితే కరుగుతుంది. ఉక్రోషం అలా కాదు, ఏమీ చేయలేకపోయానన్న మంట అది. అమ్మానాన్నలు వలసపోయి అమ్మమ్మ దగ్గరుండే పిల్లాడు రోజూ ‘కడుపు నొప్పి’ అంటుంటే, అది బెంగ కావచ్చు. ఆ మాట వాడికి తెలియాలి కదా!

మొదటివాడు ‘సంతోషం’ అంటే అందరూ అదే అంటారు. అందుకే రోజుకో వరుస నుంచి మొదలుపెట్టండి, ముందు మీ మాట చెప్పండి. చెప్పనన్నవాళ్లను వదిలేయండి. అందరి ముందు ‘ఎందుకు?’ అని అడగొద్దు.

ఊపిరి సాధన: మల్లెపూవు వాసన చూసినట్టు మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, వేడి పాలు చల్లార్చినట్టు ఐదు అంకెలు ఊదాలి. ఐదుసార్లు. పిల్లలు నెమ్మదిగా ఉన్నప్పుడే నేర్పండి. కొట్టుకుంటున్నప్పుడు కొత్తగా నేర్పబోతే అది శిక్షలా తోస్తుంది.

గొడవైతే వెంటనే ‘సారీ చెప్పు’ అనకండి. ఆ సారీ నోటి చివరిదే. రెండు నిమిషాలు విడిగా కూర్చోబెట్టి, తర్వాత ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చోబెట్టండి. ఒక్కొక్కరూ మూడు వాక్యాలు చెప్పాలి: ఏం జరిగింది, నాకేమనిపించింది, ఇప్పుడేం కావాలి. ‘నువ్వు దొంగవి’ అన్నది ‘అడక్కుండా నా రబ్బరు తీశావు. ఉక్రోషం వచ్చింది. ఈసారి అడుగు’ అయ్యేదాకా సాయం చేయండి. విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి. ‘అవును, అదే అన్నాను’ అని మొదటివాడు ఒప్పుకున్నాకే రెండోవాడి వంతు. ఇక్కడే ఓపిక కావాలి, మొదట్లో ఒక్కో గొడవకు పది నిమిషాలు పడుతుంది.

‘వాడు చెడ్డోడు అనిపించింది’ అన్నా ఒప్పుకోకండి. అది తీర్పు, తన మనసులో మాట కాదు.

వీటికి మార్కులు వేయకండి. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో మొదలైన హ్యాపీనెస్ కరికులంలోనూ (మనసు, భావాల గురించిన పాఠాలు) పరీక్ష పెట్టలేదు. మార్కులుంటే పిల్లలు మీకు నచ్చే మాటే చెప్తారు.

ఒకడే పదేపదే ఇంకొకణ్ణి ఏడిపిస్తుంటే మాత్రం ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టొద్దు. బాధపడే పిల్లాడు భయంతో అన్నిటికీ తలూపుతాడు. విడివిడిగా మాట్లాడి హెచ్.ఎం.కు, ఇంటివాళ్లకు చెప్పండి. ఏ పిల్లయినా ఇంట్లో దెబ్బల గురించో, ఎవరో తాకడం గురించో బయటపెడితే అందరి ముందు ఆ మాట ఆపి, పక్కకు తీసుకెళ్లి వినండి. గుచ్చి గుచ్చి అడగకుండా పిల్ల అన్నది అన్నట్టే రాసుకుని, హెచ్.ఎం.తో చెప్పి అదే రోజు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.