నంబర్ వన్ ఎవరిది? ఎనభైల బ్రిటిష్ పాప్ పాటలపై పాఠకుల ప్రశ్నలు

1980ల నాటి బ్రిటిష్ పాప్ పాటల మీద, వాటికి వారంవారం స్థానాలిచ్చే జాబితా అయిన చార్టు మీద మేము ప్రశ్నలు ఆహ్వానించగా చాలామంది పాఠకులు ఉత్సాహంగా ఉత్తరాలు రాశారు. ఒకే విషయం అడిగినవారి ప్రశ్నలను కలిపి, వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కాలేజీ రోజుల్లో షార్ట్‌వేవ్ రేడియోలో బీబీసీ వరల్డ్ సర్వీస్ పెట్టుకుని ఇంగ్లిష్ పాటలు వినేవాళ్లం. అల్ట్రావాక్స్ బృందం పాడిన ‘వియన్నా’ 1981లో నంబర్ వన్ అయిందని నేను, కాలేదని నా మిత్రుడు ఇప్పటికీ వాదించుకుంటున్నాం. ఎవరి మాట నిజం?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ మిత్రుడి మాటే నిజం. ‘వియన్నా’ 1981 ఆరంభంలో నాలుగు వారాలపాటు రెండో స్థానంలోనే ఉండిపోయింది. వాటిలో మొదటి వారం దానికి అడ్డు నిలిచింది జాన్ లెనన్ పాడిన ‘వుమన్’. 1980 డిసెంబరు 8న న్యూయార్కులో లెనన్ హత్య జరిగాక ఆయన పాటలు ఒకదాని వెంట ఒకటి చార్టులో మొదటి స్థానానికి చేరాయి. అభిమానులు అంత దుఃఖంలో ఉన్న రోజుల్లో ఆయన తర్వాతి స్థానంలో నిలవడం ఏ బృందానికీ చిన్నతనం కాదు. అసలు బాధ ఆ తర్వాతి మూడు వారాలది. ఇటాలియన్ యాసను అనుకరిస్తూ జో డాల్చే పాడిన ‘షడప్ యు ఫేస్’ అనే హాస్యగీతం మొదటి స్థానంలో కూర్చుని కదలలేదు. పియానో, వయోలా, సింథసైజర్లతో అంత గంభీరంగా సాగే పాట ఒక వేళాకోళం పాట చేతిలో ఓడిపోవడాన్ని అభిమానులు ఎంతకాలం మనసులో పెట్టుకున్నారంటే, రెండో స్థానంతో ఆగిపోయిన పాటల్లో మీకు ఇష్టమైనది ఏదని 2012లో బీబీసీ రేడియో 2 శ్రోతలను అడిగినప్పుడు వారు ‘వియన్నా’నే గెలిపించారు. మీలాగే పొరబడేవారు బ్రిటన్‌లోనూ చాలామంది ఉంటారు. డెపెష్ మోడ్ బృందానికి ఆ చార్టులో ఒక్కసారి కూడా మొదటి స్థానం దక్కలేదని, స్మిత్స్ బృందం కలిసి పనిచేసిన రోజుల్లో వారి సింగిల్ (ఒక పాట కోసం విడిగా విడుదల చేసే రికార్డు) ఏదీ పదో స్థానాన్ని దాటలేదని చెబితే నేటి అభిమానులు నమ్మడానికి కాస్త తటపటాయిస్తారు.

ప్రశ్న: ఏ పాట ఎన్నో స్థానంలో ఉందో అప్పట్లో ఎలా తేల్చేవారు? శ్రోతలు ఉత్తరాలు రాసేవారా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ సమర్పించిన హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా విన్నవారికి ఈ అనుమానం రావడం సహజమే, ఎందుకంటే అక్కడ రికార్డుల అమ్మకాలతోపాటు శ్రోతల సంఘాల అభిప్రాయాలకూ విలువ ఉండేది. బ్రిటిష్ చార్టులో ఉత్తరాలకు చోటు లేదు. ఆ వారం దుకాణాల్లో ఏ సింగిల్ ఎన్ని అమ్ముడయిందన్నదే లెక్క. 1982 చివరి దాకా బ్రిటిష్ మార్కెట్ రీసెర్చ్ బ్యూరో ఈ పని చూసేది. ఎంపిక చేసిన దుకాణాల్లోని సిబ్బంది తాము అమ్మిన ప్రతి రికార్డు నంబరునూ ఒక డైరీలో చేత్తో రాసి పంపేవారు. ఏయే దుకాణాల్లో ఆ డైరీ ఉందో రికార్డు కంపెనీలు పసిగట్టడంతో అక్కడికి తమ మనుషులను పంపి తమ రికార్డులను తామే కొనిపించుకోవడం, దుకాణదారులకు కానుకలు ముట్టజెప్పడం వంటివి జరిగాయి. 1980లో ‘వరల్డ్ ఇన్ యాక్షన్’ అనే టీవీ కార్యక్రమం ఈ బాగోతాన్ని బయటపెట్టింది.

1983 జనవరి నుంచి ఆ బాధ్యత గాలప్ సంస్థకు దక్కింది. దుకాణం కౌంటరు మీద ఒక చిన్న యంత్రం ఉంచి, అమ్మిన రికార్డు నంబరును అందులో నొక్కితే, ఆ లెక్కలు టెలిఫోన్ లైను మీదుగా గాలప్ కంప్యూటరుకు చేరే ఏర్పాటు చేశారు. అయినా చాలా ఏళ్లపాటు కొత్త చార్టును మంగళవారం మధ్యాహ్నమే బీబీసీ రేడియో 1లో ప్రకటించేవారు. అంటే ఆదివారం సాయంత్రం లక్షలమంది చెవులు రిక్కించి విన్న టాప్ 40 (మొదటి నలభై పాటల) కార్యక్రమం అప్పటికే ఐదు రోజుల పాతదన్నమాట. శనివారం దాకా జరిగిన అమ్మకాలను మర్నాడే ప్రకటించే పద్ధతి 1987 అక్టోబరులో గానీ రాలేదు.

ప్రశ్న: లెస్టర్‌లో పెరిగిన మా అన్నయ్య ఆదివారం పాటలను క్యాసెట్లలో రికార్డు చేసేవాడు. అది నేరమని అప్పట్లో ప్రచారం జరిగిందట, నిజమేనా?
— ఒక పాఠకురాలు, లండన్

జవాబు: నిజమే. ఇంట్లో చేసే రికార్డింగు సంగీతాన్ని చంపేస్తోందంటూ రికార్డు కంపెనీల సంఘం 1981లో పెద్ద ప్రచారం మొదలుపెట్టింది. కపాలం ఉండాల్సిన చోట క్యాసెట్ బొమ్మ, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు దాని గుర్తు. ఆ ప్రచారాన్ని మీ అన్నయ్య వయసు పిల్లలు పట్టించుకున్న దాఖలాలు లేవు. రికార్డు, పాజ్ మీటల మీద వేళ్లు ఆనించి, యాంకరు మాట ఎప్పుడు ఆపుతాడా అని కాచుకుని ఉంటే, ఆయన కాస్తా పాట మొదటి వాద్యాల మీద కూడా మాట్లాడేసి, చివరి చరణం పూర్తి కాకముందే మళ్లీ అందుకునేవాడు. ఆ తరంవారిలో కొందరికి ఆ పాటలు ఇప్పటికీ యాంకరు గొంతుతో కలిసే గుర్తుకొస్తాయి.

ప్రశ్న: ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ టీవీ కార్యక్రమంలో గాయకులు నిజంగా పాడేవారా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఎక్కువ మంది రికార్డుకు అనుగుణంగా పెదవులు కదిపేవారు. 1988లో ఆల్ అబౌట్ ఈవ్ బృందం ‘మార్తాస్ హార్బర్’ పాటతో వచ్చినప్పుడు స్టూడియోలోని గాయనికి పాట వినిపించలేదు. ఇంట్లో ప్రేక్షకులకు మాత్రం ఆమె గొంతు చక్కగా వినబడుతోంది, తెర మీద ఆమె మౌనంగా స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కనున్న గిటారిస్టు వేళ్లూ కదలడం లేదు. చివరికి సంగతి గ్రహించి సర్దుకున్నారనుకోండి. దీనికి భిన్నంగా న్యూ ఆర్డర్ బృందం 1983లో ‘బ్లూ మండే’ను పట్టుబట్టి ప్రత్యక్షంగానే వాయించింది. ఆ ప్రదర్శన అంతగా రాణించలేదు, కానీ ఆ పట్టుదలనే నేను మెచ్చుకుంటాను.

ప్రశ్న: నిషేధించిన పాట నంబర్ వన్ కావడం ఎలా సాధ్యం?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు అడుగుతున్నది ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ బృందం పాట ‘రిలాక్స్’ గురించి అయి ఉంటుంది. 1984 జనవరిలో రేడియో 1 ప్రయోక్త మైక్ రీడ్ ఆ పాట మాటలు అసభ్యంగా ఉన్నాయని తన ఉదయపు కార్యక్రమంలో దానిని వేయడానికి నిరాకరించగా, బీబీసీ కూడా నిషేధం విధించింది. చార్టు లెక్క ప్రసారాలది కాదు, కొనుగోళ్లది కాబట్టి నిషేధం ఆ పాటకు ఉచిత ప్రకటనగా పనిచేసింది. ఆ నెలలోనే మొదటి స్థానానికి ఎక్కి ఐదు వారాలు అక్కడే ఉంది. ఆ వేసవిలో అదే బృందం విడుదల చేసిన ‘టూ ట్రైబ్స్’ తొమ్మిది వారాలు నంబర్ వన్‌గా నిలవగా, పాత ‘రిలాక్స్’ తిరిగి రెండో స్థానానికి వచ్చి దాని వెనుకే నిలబడింది. నిర్మాత ట్రెవర్ హార్న్ సాగించిన వ్యాపార సూక్ష్మం కూడా ఇందులో ఉంది. ఒకే పాటను 12 అంగుళాల రికార్డుల మీద రకరకాలుగా కూర్చి విడుదల చేస్తూ పోతే, అభిమానులు ఒక్కొక్కటీ కొనేవారు, అవన్నీ ఒకే పాట ఖాతాలో పడేవి.

ప్రశ్న: ‘లాస్ట్ క్రిస్మస్’ ఇన్నేళ్ల తర్వాత నంబర్ వన్ కావడం విడ్డూరంగా లేదా? పాతపాటలు ఇప్పుడెలా పైకి వస్తున్నాయి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: 1984 డిసెంబరులో వామ్! బృందం ఆ పాటను విడుదల చేసిన రోజుల్లోనే ఇథియోపియా కరవు బాధితుల కోసం బ్యాండ్ ఎయిడ్ పేరుతో గాయకులంతా కలిసి పాడిన రికార్డు కూడా వచ్చింది. అది ఐదు వారాలు మొదటి స్థానంలో ఉండడంతో ‘లాస్ట్ క్రిస్మస్’ రెండో స్థానంతో సరిపెట్టుకుంది. చిత్రమేమిటంటే, బ్యాండ్ ఎయిడ్‌లో గొంతు కలిపినవారిలో వామ్! గాయకుడు జార్జ్ మైకేల్ కూడా ఉన్నాడు. తన పాటకు తానే అడ్డుపడ్డాడన్నమాట. ఆయన 2016లో క్రిస్మస్ రోజునే కన్నుమూశాడు, పాట 2021 జనవరి 1న మొదటి స్థానానికి చేరింది. ఆ మరుసటి ఏడాదే, అంటే 2022లో, కేట్ బుష్ 1985 నాటి పాట ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ ఒక టీవీ ధారావాహిక పుణ్యమా అని 37 ఏళ్ల తర్వాత నంబర్ వన్ అయింది. విడుదలైనప్పుడు అది మూడో స్థానం దాకా వచ్చింది.

ఇందులో మాయ ఏమీ లేదు, లెక్కించే వస్తువే మారింది. 1985లో మీరు రికార్డు కొన్న రోజున చార్టులో మీ ఓటు ఒక్కసారి పడేది. ఆ తర్వాత ముల్లు అరిగిపోయేదాకా ఇంట్లో వేసుకున్నా అది ఎవరి లెక్కలోకీ రాదు. 2014 జులై నుంచి ఇంటర్నెట్‌లో విన్న పాటలను కూడా సింగిల్స్ చార్టులో కలుపుతున్నారు కాబట్టి, కొనడంతోపాటు వినడం కూడా లెక్కకు వస్తోంది. ఆనాడు ఎందరు కొన్నారన్న అంకెనూ, ఈనాడు ఎన్నిసార్లు విన్నారన్న అంకెనూ పక్కపక్కన పెట్టి ఏది గొప్ప పాటని తేల్చబూనడం నా దృష్టిలో వృథా శ్రమ.

ప్రశ్న: ఆ చార్టులో భారతీయ సంగీతం ఎక్కడైనా కనిపించిందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కనిపించింది. 1982లో మాన్సూన్ బృందం సితార్, తబలా ధ్వనులతో చేసిన ‘ఎవర్ సో లోన్లీ’ 12వ స్థానానికి చేరింది. దానిని పాడిన షీలా చంద్ర భారతీయ మూలాలున్న లండన్ అమ్మాయి, అప్పటికి నిండా పదిహేడేళ్లు. అంతకుముందే ‘గ్రేంజ్ హిల్’ అనే పిల్లల టీవీ ధారావాహికలో నటించి పరిచయమైన ముఖం కూడా. చార్టులో కనిపించనిదాని కథ ఇంకా పెద్దది. లండన్‌లోని సౌతాల్ నుంచి వచ్చిన అలాప్ వంటి భాంగ్రా బృందాల క్యాసెట్లు ఆ దశాబ్దంలో బ్రిటన్‌లోని పంజాబీ ఇళ్లలో, పెళ్లిళ్లలో మారుమోగాయి. అయితే అవి ఎక్కువగా అమ్ముడుపోయింది దక్షిణాసియావారి కిరాణా దుకాణాల్లో, బట్టల కొట్లలో, చిన్న క్యాసెట్ షాపుల్లో. ఆ కౌంటర్ల మీద గాలప్ యంత్రం లేదు.