రాని బండికి చీటీ పాడొద్దు

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర పల్లె. వయసు 38. రొయ్యల మేత దుకాణం నడుపుతున్నాను. ఏడాది మొత్తం మీద చూస్తే దుకాణం ఖర్చులు పోను నెలకు సగటున 95 వేలు మిగులుతుంది. ఇంటి ఖర్చు 45 వేలు, మేత తోలే చిన్న వ్యాన్ ఈఎంఐ 14 వేలు. రైతుల దగ్గర నుంచి రావాల్సిన బాకీ 11 లక్షలు ఉంది. ఈ మధ్య నమూనాగా చూపించిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ, పెట్రోల్ ఇంజన్ రెండూ ఉండే) కాన్సెప్ట్ కారు నాకు బాగా నచ్చింది. ఇక్కడ టీ కొట్టు దగ్గర కూడా అందరూ దాని గురించే. ఇదే రేపటి బండి అని కొందరు, రెండు ఇంజన్లు రెండు బాధలని కొందరు. ఆన్‌రోడ్ 24 లక్షలు కావచ్చంటున్నారు. బుకింగులు తెరిచిన రోజే కట్టేయాలని నా ఆలోచన. దానికోసం 5 లక్షల చీటీ ఈ నెల పాడితే 4 లక్షల 10 వేలు చేతికొస్తుంది. అది 20 నెలల చీటీ, ఇంకా 11 వాయిదాలు ఉన్నాయి. మా ఆవిడ నగలు పెట్టి 4 లక్షలు తెస్తాను. 2016 డీజిల్ కారు ఇప్పుడే అమ్మేస్తే మూడున్నర లక్షలు వస్తుంది, ఆలస్యం చేస్తే రేటు పడిపోతుందంటున్నారు. మిగతా 12 లక్షలు బ్యాంకు లోను. డబ్బు కూడబెడదామని ఈసారి హెల్త్ పాలసీ రెన్యూవల్ కూడా ఆపాను. నాన్నకు 67, షుగర్ ఉంది. పిల్లలు ఇద్దరు. నా ప్లాన్ సరైనదేనా? బండి వచ్చేదాకా ఈ డబ్బును ఏదైనా ఫండ్‌లో పెట్టమంటారా?

సమాధానం:

పాడొద్దు. నగలు పెట్టొద్దు. పాత బండి అమ్మొద్దు. అన్నిటికన్నా ముందు లేచి బీరువా తెరిచి, హెల్త్ పాలసీ గడువు ఏ తేదీతో ముగిసిందో చూడండి. ఏడాదికోసారి ప్రీమియం కట్టే పాలసీకి మామూలుగా గడువు దాటాక కూడా కట్టుకోవడానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది. ఇంకా ఆ 30 రోజుల్లోనే ఉంటే ఇవాళే కట్టేయండి. మిగతా సమాధానం రేపు చదివినా నష్టం లేదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరికి కారు, ఒకరికి ఇంటి పైఅంతస్తు, ఇంకొకరికి కూతురి పెళ్లి మండపం. అందరూ చేసే తప్పు ఒకటే: ఇంకా రాని ఖర్చు కోసం, ఆపద వేళ ఆదుకోవాల్సిన డబ్బును ముందే ఖాళీ చేసుకోవడం. మీరు ఆ తప్పును నాలుగు వైపుల నుంచీ ఒకేసారి చేయబోతున్నారు. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

ముందు బండి సంగతి. టీ కొట్టు మాటల్లో రెండు వైపులా నిజముంది. రెండు ఇంజన్లు రెండు బాధలు అన్నాయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఇంజన్ ఆయిల్ మార్చడం తప్పదు, పెద్ద బ్యాటరీకి బీమా కూడా తప్పదు. ఛార్జింగ్ అయిపోతే పెట్రోల్ ఉందిగా అన్నాయన మాటా నిజమే. మీ ఊరి నుంచి నెల్లూరు వచ్చి పోవడం రాత్రి ఇంట్లో ఎక్కించిన కరెంటుతోనే అయిపోవచ్చు. చెన్నై బయల్దేరితే నాయుడుపేట దగ్గరో సూళ్లూరుపేట దగ్గరో పెట్రోల్ అందుకుంటుంది. లీటరుకు వంద కిలోమీటర్లు అనేవాళ్ల మాట మాత్రం నమ్మొద్దు. 2021లో రిజిస్టరైన కార్ల లెక్కలు తీసి యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో ఒక నివేదిక ఇచ్చింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్, ప్రయోగశాల అంకె కన్నా సగటున మూడున్నర రెట్లు ఉందని తేలింది. కొన్నవాళ్లు అనుకున్నంతగా ఛార్జింగ్ పెట్టకపోవడమే అందుకు పెద్ద కారణం. పొగ మూడున్నర రెట్లు వచ్చిందంటే పెట్రోలూ అంత కాలినట్టే. మన దగ్గర కరెంటు పోయిన రాత్రి, ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయిన రాత్రి ఎన్ని ఉంటాయో మీకే తెలుసు.

ఆ 24 లక్షల అంకె ఎవరు చెప్పారు? కాన్సెప్ట్ బండికి ధర ఉండదు. పన్ను మాత్రం తెలుసు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లో ఉన్న జీఎస్టీ ప్రకారం పూర్తి ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం. పెట్రోల్ హైబ్రిడ్ అయితే నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉంటే 18, ఆ రెంటిలో ఏది దాటినా 40. ఫొటోలో మీరు మెచ్చుకున్న ఆ పొడవాటి బండి ఏ వరసలోకి వస్తుందో టీ కొట్టులో ఎవరైనా అడిగారా? లైఫ్ ట్యాక్స్ దీని మీద అదనం. ఎలక్ట్రిక్ కారు లోను వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా ఆశ పెడితే, అది 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకే, అదీ పూర్తిగా మోటారుతో నడిచే బండ్లకే అని చెప్పండి.

ఇక ఎప్పుడొస్తుందన్న మాట. టాటా వాళ్లు సియెరాను 2020 ఆటో ఎక్స్‌పోలో ఎలక్ట్రిక్ కాన్సెప్ట్‌గా చూపించారు. అమ్మకానికి వచ్చింది 2025 నవంబర్‌లో, అదీ మొదట పెట్రోల్, డీజిల్ ఇంజన్లతో. ఇవాళ మనం మాట్లాడుకునే ప్లగ్-ఇన్ బండ్లకు పెద్దన్న లాంటి షెవర్లే వోల్ట్‌ను 2007 జనవరిలో డెట్రాయిట్‌లో చూపిస్తే, జనం దాని పొడవాటి బోనెట్ చూసి మురిసిపోయారు. 2010 చివర్లో షోరూంకొచ్చిన బండికి ఆ రూపం లేదు. గాలికి ఎదురు తగలకుండా మొత్తం మార్చేశారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారే, మీరు పేరుతో ఆగలేదు, సోమలింగానికి ఉయ్యాల కొనడానికి నగలు కూడా తీస్తున్నారు.

ఆ ఉయ్యాల ఖరీదు లెక్క వేద్దాం. చీటీ చివరిదాకా ఉంచితే, 5 శాతం కమిషన్ పోయినా 4 లక్షల 75 వేలు రావాలి. ఇప్పుడు పాడితే 4 లక్షల 10 వేలు. అంటే 65 వేలు తేడా. నగల మీద 4 లక్షలకు 10 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 40 వేలు. బండి రెండేళ్లకు వస్తే మొత్తం లక్షా 45 వేలు. ఆ డబ్బు బ్యాంకులో పడుకున్నందుకు సేవింగ్స్ వడ్డీ రెండున్నర శాతమో ఎంతో ఇస్తారు, అది కాస్త తగ్గించుకోండి. ఏడాది కాగానే వడ్డీ కట్టి నగలు తిరగరాయించడం మొదలవుతుంది. ఒకసారి మొదలైన తిరగరాతలు ఎన్నేళ్లు సాగుతాయో నెల్లూరులో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. బంగారం రేటు పెరిగిందని ఎక్కువ లోను ఇస్తున్నారు కదా అని రాయలేదు గానీ, మీ మనసులో ఉన్నది అదేనని నా అనుమానం. రేటు పెరిగితే పెరిగింది మీ అప్పు తెచ్చుకునే తాహతు. మీ సంపాదన అక్కడే ఉంది.

చీటీ పాడాక జామీను ఎవరు పెడతారు? మీ ఇంట్లో ఉద్యోగస్తులు ఎవరైనా, బావగారో బంధువో, సంతకం పెట్టాలి. మీ కారు మోజుకు ఆయన జీతం తాకట్టు.

తర్వాత 12 లక్షల లోను. తొమ్మిదిన్నర శాతానికి ఏడేళ్లయితే ఈఎంఐ సుమారు 19,600, మొత్తం వడ్డీ 4 లక్షల 47 వేల దాకా. సగటున 95 వేలు వస్తోంది కదా, కట్టేస్తాను అంటారు. సగటుతో ఈఎంఐ కట్టలేం. రొయ్యల పట్టుబడి బాగున్న నెలలో మీకు లక్షన్నర కూడా రావచ్చు, గుంటల్లో తెల్లమచ్చ రోగం కనిపించిన నెలలో 30 వేలు కూడా రాకపోవచ్చు. బ్యాంకు మాత్రం ప్రతి నెలా 5వ తేదీకి అంతే అడుగుతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు ఎగుమతిదారులు రేటు ఎలా కోశారో, రైతులు మీకివ్వాల్సిన బాకీని ఎలా ముందుకు నెట్టారో నాకన్నా మీకే బాగా తెలుసు. పుస్తకంలో ఉన్న ఆ 11 లక్షలను దయచేసి ఆస్తిగా లెక్క వేయకండి. రైతు గుంట బాగుంటేనే అది డబ్బు.

కారు వల్ల మిగిలేది ఎంత? నెలకు 1200 కిలోమీటర్లు తిరిగినా, మీ డీజిల్ బండి లీటరుకు 18 ఇస్తే ఖర్చు ఆరున్నర వేలు. ఆ ఆరున్నర వేలు మొత్తం మిగిలిందనుకున్నా, 19,600కి మూడో వంతు మాత్రమే. పైగా కరెంటు బిల్లు పై స్లాబుకు ఎక్కుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో ఎన్నో అంకెలు రాశారు, అత్యవసర నిధి అన్న మాట ఒక్కసారి కూడా రాయలేదు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. ఆ వారంలో నా దగ్గరికొచ్చిన ఒక వ్యాపారి మొహం ఇంకా గుర్తుంది. గోదాములో సరుకు తడిసింది, దానికి బీమా లేదు. నగలు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి, చీటీ అప్పటికే పాడేశాడు. చివరికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఆ అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. మీరు ఇప్పుడు వేసుకున్న ప్లాన్ అక్షరాలా ఆయన పరిస్థితే, వరద ఒక్కటే తక్కువ.

జీతగాడికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు తొమ్మిది. ఎందుకంటే వనామీ రకం రొయ్యల పంట నాలుగు నెలలు, గుంట ఎండబెట్టి మళ్లీ సీడ్ (రొయ్య పిల్లలు) వేసేసరికి ఇంకాస్త. వరసగా రెండు పంటలు దెబ్బతింటే తొమ్మిది నెలలు మీకు బాకీ తిరిగి రాదు. ఇంటి ఖర్చు, వ్యాన్ ఈఎంఐ కలిపి నెలకు 60 వేలు అనుకుంటే 5 లక్షల 40 వేలు. ఈ అంకె చూశాక మీ చీటీ వైపు మళ్లీ చూడండి. చివరిదాకా ఉంచితే 4 లక్షల 75 వేలు. నిధిలో ముప్పావు వంతుకు పైగా 11 నెలల్లో దానంతటదే వస్తోంది. ఈలోగా నిజంగా ఇంట్లో ఆపద వస్తే, అప్పుడు పాడండి, నేనేమీ అనను. మీరు ఇంకా పాడని ఆ చీటీయే ప్రస్తుతం మీకున్న ఒకే ఒక్క అత్యవసర నిధి. దాన్ని హెడ్‌లైట్లు చూసి వదులుకుంటారా?

చీటీ చేతికొచ్చాక 50 వేల చొప్పున చిన్న చిన్న ఎఫ్‌డీలు చేయండి, ఒకటి విరగ్గొడితే మిగతావి కదలకుండా ఉంటాయి. దుకాణం ఓవర్‌డ్రాఫ్ట్ ఉన్న బ్యాంకులో మాత్రం వద్దు. 5 లక్షల 40 వేల నిధికి ఇంకా తగ్గిన 65 వేలు వచ్చే పట్టుబడిలో వసూలయ్యే బాకీ నుంచి తీసి పెట్టండి, మిగతాదే మళ్లీ అరువుకు.

హెల్త్ పాలసీ విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. గ్రేస్ కూడా దాటిపోయి ఉంటే ఇన్నేళ్లు గడిపిన వెయిటింగ్ పీరియడ్ పోయినట్టే. కొత్త పాలసీలో ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. మీ నాన్నగారి షుగర్ మూడేళ్లు ఆగుతుందా? 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ సున్నా. అంతకుముందు 18 శాతం కట్టేవాళ్లం. ప్రభుత్వం పన్ను తీసేశాక మీరు పాలసీ ఆపారు. 65 దాటితే కొత్తగా ఇవ్వరన్న పరిమితిని కూడా 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఎత్తేసింది, కాబట్టి నాన్నకు విడిగా, మీ నలుగురికీ విడిగా తీసుకోండి. మీ నలుగురికీ 10 లక్షలకు తగ్గకుండా. పెద్ద జబ్బంటే నెల్లూరోళ్లం చెన్నై రైలెక్కుతాం, అక్కడి బిల్లు మీకు తెలియనిది కాదు. షుగర్ సంగతి ఫారంలో దాచకండి. మీ పేరున టర్మ్ పాలసీ, గోదాములో సరుకుకు వరద కలిపిన బీమా కూడా లేకపోతే ఇదే నెలలో.

ఫండ్ గురించి అడిగారు. అప్పు తెచ్చిన డబ్బు ఫండ్‌లో పెట్టరు.

డీజిల్ బండి బాగానే నడుస్తుంటే నడపండి. పదేళ్ల డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఢిల్లీ చుట్టుపక్కల మాట. మనకు 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంది, అంటే మీకు 2031. ఆలోగా ఆ హైబ్రిడ్ వచ్చి, మీ నిధి నిండి, బండి ధరలో సగం సొంత డబ్బుతో ఉంటే మళ్లీ రాయండి. అప్పుడు కొనొద్దని అనను. మన నేలకు వరద కొత్త కాదు కాబట్టి ఆ రోజు ఇంజన్‌కూ బ్యాటరీకీ రెంటికీ విడిగా రక్షణ ఉన్న పాలసీ తీసుకోమని మాత్రం చెబుతాను.

చీటీ పాట ఈ నెలేనని రాశారు. ఆ రోజు సాయంత్రం పాట దగ్గరికి వెళ్లకుండా దుకాణంలోనే కూర్చుని, బాకీ పుస్తకం తీసి, ఆర్నెల్లు దాటిన పేర్లకు ఫోన్లు చేయండి.