పాఠకుల సందేహాలు: దక్షిణ చైనా సముద్రంలో ఇసుక దీవులు

ప్రశ్న: స్ప్రాట్లీ దీవుల్లో చైనా కట్టిన స్థావరాలకు అంత ఇసుక ఎక్కడి నుంచి తెచ్చారు? దాని మీద రన్‌వే ఎలా నిలుస్తుంది?
– సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: బయటి నుంచి తెచ్చింది తక్కువే. పగడపు దిబ్బల నడుమ ఉండే లోతు తక్కువ మడుగుల్లోంచే తోడారు. కట్టర్ సక్షన్ డ్రెడ్జర్ పళ్లున్న చక్రంతో పగడపు రాయిని పొడిచేసి, నీళ్లతో కలిపి పంపుతో లాగి, తేలే పైపుల గుండా దిబ్బ మీదికి చిమ్ముతుంది. నీరు జారిపోగా ఇసుక, పగడపు ముక్కలు మిగులుతాయి. అక్కడ పనిచేసిన ‘తియాన్ జింగ్ హావ్’ అనే డ్రెడ్జర్ ఓడ గంటకు 4,500 ఘనపు మీటర్లు తోడగలదు. 2013 చివర్లో మొదలైన ఈ పనితో ఏడు దిబ్బల మీద సుమారు 3,200 ఎకరాల నేల లేచింది. ఫైరీ క్రాస్, సుబి, మిస్చీఫ్‌లపై రన్‌వేలు పడ్డాయి.

చిక్కంతా ఆ ఇసుకతోనే. కృష్ణ ఇసుకలా గట్టి గింజ కాదది. లోపల గుల్లగా ఉండి, బరువు పడితే నలుగుతుంది. బాగా దట్టించకుండా పైన కాంక్రీటు వేస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగి పగుళ్లిస్తుంది. అలలు అంచును కోసేయకుండా చుట్టూ రక్షణ గోడ ఉండాల్సిందే. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి మరమ్మతులకు అంతం లేదు. వీటన్నిటికన్నా బాధించేది వేరే ఉంది: తోడేటప్పుడు లేచిన మడ్డి పక్కనున్న బతికున్న పగడాల మీద మేట వేసి వాటిని చంపేస్తుంది. వేల ఏళ్లలో పెరిగిన దిబ్బను ఏ ఇంజినీరూ తిరిగి కట్టలేడు.

ప్రశ్న: దీవి కట్టేస్తే చుట్టూ 200 నాటికల్ మైళ్ల సముద్రం చైనాదేనా?
– గ్రూప్-1 అభ్యర్థి, గుంటూరు

జవాబు: కాదు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 60వ అధికరణం ప్రకారం కృత్రిమ దీవికి ప్రాదేశిక జలాలు (దేశ అధికారం నడిచే తీర సముద్రం) ఉండవు. చుట్టూ 500 మీటర్ల వరకు భద్రతా వలయం పెట్టుకోవచ్చు, అంతే. ఇసుక పోయకముందు ఆ దిబ్బ ఎలా ఉండేదన్నదే లెక్క. పోటు మీద కూడా పైకి తేలే రాయైతే 12 నాటికల్ మైళ్లు (22 కి.మీ.) వస్తాయి. మనుషుల నివాసం గానీ సొంత ఆర్థిక జీవనం గానీ సాగగలిగే దీవికే 200 మైళ్ల ఆర్థిక మండలం (చేపలు, ఖనిజాల మీద ప్రత్యేక హక్కులుండే సముద్రం).

ఫిలిప్పీన్స్ చైనా మీద 2013లో వేసిన కేసులో 2016 జూలై 12న ఈ ఒప్పందం కింద ఏర్పడిన మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పులో మిస్చీఫ్, సుబి పోటు మీద మునిగే దిబ్బలని, ఫైరీ క్రాస్ రాయి మాత్రమేనని తేలింది. దక్షిణ చైనా సముద్రంలో చాలా భాగాన్ని తనదిగా చూపే తొమ్మిది గీతల పటం ఆధారంగా చైనా అడిగే చారిత్రక హక్కులు చెల్లవంది. ఏ దిబ్బ ఎవరి సొత్తన్నది మాత్రం తేల్చలేదు. పరీక్షలో ఈ తేడా జాగ్రత్త. తీర్పును చైనా తిరస్కరించింది. బంగాళాఖాతంలో బంగ్లాదేశ్‌తో సరిహద్దుపై 2014లో వచ్చిన తీర్పును భారత్ ఒప్పుకుంది. పెద్ద దేశం నడవాల్సిన పద్ధతి అదే.

ప్రశ్న: మా తేజ మిర్చి కంటైనర్లు చైనా వెళ్తాయి. అక్కడ గొడవ ముదిరితే ఇన్సూరెన్స్ వస్తుందా?
– ఎగుమతిదారు, గుంటూరు

జవాబు: మామూలు పాలసీతో రాదు. ముందు కాంట్రాక్టు చూడండి. ఎఫ్‌ఓబీ (ఓడెక్కించే వరకే అమ్మినవారి ఖర్చు) అయితే సరుకు ఓడెక్కాక నష్టభయం కొన్నవారిది. సీఐఎఫ్‌ (ధరలోనే బీమా, ఓడ కిరాయి కలిపే పద్ధతి)లోనూ అంతే, కానీ పాలసీ తీసుకోవాల్సింది మీరు. సరుకు బీమా షరతుల్లో అన్నిటికన్నా విస్తృతమైన ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ (ఏ)లో కూడా యుద్ధ నష్టం మినహాయింపే. అందుకని ఇన్‌స్టిట్యూట్ వార్ క్లాజెస్ (యుద్ధ నష్టానికి బీమా షరతులు) విడిగా చేర్పించుకోండి. అది సరుకు ఓడలో ఉన్నంతవరకే పనిచేస్తుంది. రేవు గోదాములో ఉండగా వర్తించదు.

ఆలస్యం వల్ల వచ్చే నష్టానికి ఈ రెండిట్లో దేనికిందా పరిహారం లేదు. మలక్కా జలసంధి దాటాక సరుకు ఓడలు స్ప్రాట్లీలకు పడమరగా వెళ్తాయి. గొడవ పెరిగి ఇండోనేషియాలోని లాంబాక్ జలసంధి మీదుగా చుట్టూ తిరిగితే రోజులు పెరుగుతాయి. తేమ ఎక్కువున్న కాయ ఆ వేడి పెట్టెలో బూజు పట్టి రంగు పోతుంది. తేమ 10–11 శాతం దాటకుండా ఆరబెట్టి, కంటైనర్లో తేమ పీల్చే సంచులు వేలాడదీసి పంపండి.