ఇంటి దగ్గర అడల్ట్ స్టోర్ బోర్డు పెట్టారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ, రిటైర్డ్ టీచర్‌ని. మా బిడ్డ, అల్లుడు నిరుడు డాలస్ వెళ్లారు. ఊరి చివర కొత్త వెంచర్‌లో ఇల్లు బుక్ చేశారు. ఆ రోడ్డు మలుపులో అడల్ట్ స్టోర్ వస్తోందని బోర్డు పెట్టారట. తెలుగువాళ్లంతా కలిసి అడ్డుకుందామని అల్లుడు అంటున్నాడు. వీసా మీద ఉన్నాం, మనకెందుకని బిడ్డ భయపడుతోంది. మీరు ఎన్నో ఏళ్లుగా అక్కడున్నారు, ఏం చేయమంటారు?

జవాబు: సార్, ముందు ఆ బోర్డు సంగతి చూద్దాం. టెక్సాస్‌లో కొత్త చోట ఇలాంటి వ్యాపారానికి లైసెన్సు అడగాలంటే, దరఖాస్తు ఇవ్వడానికి కనీసం 60 రోజుల ముందే అక్కడ బోర్డు పెట్టాలని రాష్ట్ర చట్టం చెబుతుంది. సైజు 24 బై 36 అంగుళాలకు తగ్గకూడదు. అక్షరాలు రెండు అంగుళాలైనా ఉండాలి. దరఖాస్తుదారు పేరు, చిరునామా రాయాలి. కారులో పోతూ పోతూ చదవగలిగేంత పెద్దది కాదది. అల్లుణ్ణి అక్కడ దిగి, తేదీ పడేలా ఫోటో తీసుకోమనండి. బోర్డు కొత్తగా పెట్టిందైతే ఇంకా టైమ్ ఉన్నట్టే, ఇప్పుడే టెన్షన్ పడనక్కర్లేదు.

మన దగ్గర కాలనీలో వైన్స్ పెడుతున్నారంటే ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. ఆడవాళ్లు షాపు ముందు టెంటు వేసుకుని కూర్చుంటారు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి దరఖాస్తు పోతుంది, ఎమ్మెల్యేకు ఫోన్ పోతుంది. లాటరీలో షాపు దక్కించుకున్నవాడు కూడా ఈ గొడవ నాకెందుకని వేరే సందు వెతుక్కుంటాడు. మీ అల్లుడి మనసులో ఉన్నది ఈ పద్ధతే. అక్కడ అది నడవదు.

ఎందుకంటే ఇలాంటి వ్యాపారానికి కూడా అక్కడి రాజ్యాంగం భావప్రకటన స్వేచ్ఛ కింద కొంత రక్షణ ఇస్తుంది. న్యూజెర్సీలో ఒక చిన్న పట్టణం నగ్న నృత్యంతో సహా ప్రదర్శనలేవీ మా దగ్గర వద్దని పూర్తిగా నిషేధిస్తే, 1981లో సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదని కొట్టేసింది. ఐదేళ్ల తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలోని రెంటన్ నగరం గెలిచింది. అది నిషేధించలేదు, దూరం పెట్టింది. ఇళ్లకు, చర్చిలకు, పార్కులకు, బడులకు 1000 అడుగుల లోపు అడల్ట్ సినిమా హాలు ఉండకూడదంది. అలా తీసేయగా వాళ్లకు ఇంకా 520 ఎకరాలు మిగిలింది కాబట్టి కోర్టు ఒప్పుకుంది. అక్కడ ఏ సినిమా ఆడుతుందన్నది కోర్టు చూడలేదు. చుట్టుపక్కల నేరాలు, ఇళ్ల ధరల మీద పడే ప్రభావాన్నే చూసింది.

ఇంకో మాట. నిబంధనలో రాసిన దూరాలన్నీ సరిపోతే లైసెన్సు ఆపడానికి అధికారులకు పెద్దగా దారి ఉండదు. ఫైలు పెండింగ్‌లో పెట్టించడం కూడా కుదరదు. ఇది డాలస్ నగరానికే తగిలిన దెబ్బ. లైసెన్సు మీద ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గట్టి గడువు లేదని 1990లో సుప్రీంకోర్టు ఆ నగర నిబంధనలో కొంత భాగాన్ని పక్కన పెట్టింది.

మీవాళ్ల అసలు ఇబ్బంది ఇక్కడే ఉందని నా అనుమానం. వీటికి నగరాలు ఎంతో కొంత భూమి వదలాలి కదా, అది ఎక్కడ వదులుతాయి? హైవే పక్కన, గోదాముల దగ్గర. మన పిల్లలు కొనే కొత్త వెంచర్లు కూడా ధర తక్కువని అటువైపే లేస్తున్నాయి. పైగా చాలా వెంచర్లు సిటీ హద్దు దాటి కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో ఉంటాయి. టెక్సాస్‌లో కౌంటీలకు మామూలుగా జోనింగ్ అధికారమే, అంటే ఏ జాగాలో ఏది ఉండాలో తేల్చే అధికారమే లేదు. ఇలాంటి షాపుల వరకు మాత్రం కౌంటీ కూడా నిబంధన పెట్టుకోవచ్చు. పెట్టుకుందో లేదో అడగాలి. హూస్టన్‌లోనైతే జోనింగే లేదు, అయినా ఈ వ్యాపారాలకు విడిగా దూరాల నిబంధన ఉంది. మనవాళ్లు ఇంట్లో గ్రానైట్ రంగు చూస్తారు, స్కూల్ రేటింగ్ చూస్తారు, పక్క ఖాళీ జాగా ఏ జోన్‌లో ఉందో ఒక్కరూ చూడరు. హెచ్ఓఏ, అంటే వెంచర్‌లోని ఇళ్ల యజమానుల సంఘం ఉంది కదా అంటారు. హెచ్ఓఏ మాట దాని ప్రహరీ దాటి చెల్లదు.

పబ్లిక్ హియరింగ్ పెడితే తప్పకుండా వెళ్లమనండి. అక్కడ మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. పేరు, అడ్రస్ చెప్పి, ఇచ్చిన రెండు మూడు నిమిషాల్లో ముగించాలి. మన సంస్కృతి, మా పిల్లల సంస్కారం అని మొదలుపెడితే కౌన్సిల్ సభ్యులు మర్యాదగా తలూపుతారు, ఆ మాట రికార్డులో ఎందుకూ పనికిరాదు. స్కూల్ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఆ మలుపులో రాత్రి వెలుతురు ఎంత, అలాంటి షాపుల దగ్గరికి పోలీసులు ఎన్నిసార్లు వచ్చారు, ఇవి చెప్పాలి. ఆ పోలీసు లెక్కలు మన ఆర్టీఐ లాంటి చట్టం కింద సిటీని అడిగితే ఇస్తారు. అక్కడ పనిచేసే ఆడవాళ్ల గురించి మాత్రం ఒక్క మాట కూడా తూలొద్దు. వినేవాళ్లకూ నచ్చదు, నాకూ నచ్చదు.

రేపు మనం గుడి కడతామని వెళ్తే ఇదే హాల్లో ఇదే మైకు దగ్గర పక్కింటివాళ్లు నిలబడి పార్కింగ్ చాలదు, పండుగ రోజు ట్రాఫిక్ అంటారు. గుళ్లకు 2000లో వచ్చిన ఫెడరల్ చట్టం కొంత అండ ఇస్తుంది, అయినా పార్కింగ్ లెక్క చూపించాల్సిందే. అందుకే కౌన్సిల్ వాళ్లతో మొదటి పరిచయం అరుపులతో కాకుండా చూసుకోమంటున్నాను.

ఈ వారంలో అల్లుడు చేయాల్సిన పని ఒక్కటే. సిటీ ప్లానింగ్ డిపార్ట్‌మెంటుకు ఈమెయిల్ పెట్టి మూడు సంగతులు అడగమనండి: ఆ జాగా సిటీ హద్దులో ఉందా, ఏ జోన్, ఇళ్ల నుంచి ఎన్ని అడుగులు ఉండాలి. దూరం గోడ నుంచి గోడకా, స్థలం హద్దు నుంచి హద్దుకా అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోమనండి. ఒక్కో ఊళ్లో ఒక్కోలా కొలుస్తారు, ఆ తేడాతోనే కొన్ని షాపులు ఆగిపోతాయి.