సర్టిఫికెట్ ఉంది, క్లయింట్లే లేరంటే

లైఫ్ కోచ్ కోర్సు పూర్తయి ఆరు నెలలైనా ఒక్క క్లయింటూ రాలేదు, ఇంకో కోర్సులో చేరాలా అని అడిగారు కదా. వద్దండి. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ కోచ్‌లకి ఇచ్చే గుర్తింపుల్లో మొదటి మెట్టు ఏసీసీ (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్). దానికి 60 గంటల శిక్షణ, 10 గంటల మెంటర్ కోచింగ్‌తో (మన కోచింగ్ చూసి అనుభవమున్న కోచ్ దిద్దడం) పాటు 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. అందులో 75 గంటలు ఫీజు తీసుకుని చేసినవై ఉండాలి. మీకు తక్కువైంది ఆ గంటలే. తెలిసినవాళ్ల పరిచయస్తులతో, నామమాత్రపు ఫీజుకైనా సరే, మొదలుపెట్టండి. "మీ జీవితం మారుస్తా" అంటే ఎవరూ రారు. "కొత్తగా మేనేజరైనవాళ్లకి" అనండి, అది తమ కోసమేనని వాళ్లకి తెలుస్తుంది.

సెషన్‌లో సలహా ఇచ్చేయాలని నోరు దురద పెడుతుంది (నాకూ అంతే). ఆపుకుని, "ఈ వారం ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగి ఊరుకోండి. అవతలి మనిషి డిప్రెషన్‌లో ఉన్నట్టు అనిపిస్తే మాత్రం అది మన పని కాదు, సైకాలజిస్టు దగ్గరికి పంపండి.