తాతగారి అంబాసిడర్‌కి రంగు వేయించే ముందు

చిరంజీవి అబ్బాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

తాతగారి అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కిస్తున్నావని మీ అమ్మ చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. ఎర్ర మెటాలిక్ వేయిస్తానన్నావట. అది మాత్రం వద్దురా. 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన గుండ్రటి బాడీ అది. దానికి మెరుపు పొడి కలపని సాలిడ్ రంగే నిండుగా ఉంటుంది.

ముందు అసలు రంగేదో చూడు. డోర్ లోపలి ప్యాడ్ విప్పితే ఎండ తగలని చోటు దొరుకుతుంది. అక్కడ రూపాయి బిళ్లంత మేర వెయ్యో నంబరు వాటర్ పేపర్ తడిపి మెల్లగా రుద్దు. ఒక్కో కోటూ ఒక్కో వలయంలా బయటపడుతుంది. ప్రైమర్‌కి ఆనుకుని ఉన్న రంగే సాధారణంగా ఫ్యాక్టరీది. షాపులో దాన్ని చూపించి కలిపించుకో. ఇప్పుడున్న రంగు కాకుండా వేరేది వేస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి, మర్చిపోకు.

తర్వాత తెల్ల గుడ్డని థిన్నర్‌లో తడిపి పాత రంగు మీద రుద్దు. రంగు కరిగి గుడ్డకి అంటిందంటే అది ఎన్‌సీ, అంటే పాతకాలపు నైట్రోసెల్యులోజ్ రంగు కావచ్చు. దాని మీద కొత్త పీయూ, అంటే హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురేథేన్ రంగు కొడితే ముడతలు లేస్తుంది. రేకు కనపడేదాకా గీకించెయ్. కొత్తగా కూడా ఎన్‌సీయే వేయమని కొందరంటారు, పాత బండి కళ వస్తుందని. నిజమే, కానీ మన ఎండలకి తొందరగా వెలిసిపోతుంది. వానాకాలం గాలిలో తేమ ఎక్కువైతే కొట్టిన కాసేపటికే తెల్లగా మసకేస్తుంది. రోజూ నడిపే బండికి పైన క్లియర్ కోటు, అంటే రంగులేని మెరుపు పూత అక్కర్లేని సాలిడ్ పీయూ చాలు. ఒక్కటి, అందులో కలిపే హార్డెనర్ ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. స్ప్రే గన్ పట్టేవాడు ముక్కుకి రుమాలు కట్టుకుని నిలబడితే ఒప్పుకోవద్దు. గాలి గొట్టం ఉన్న మాస్క్ ఉన్న షెడ్డులోనే చేయించు.

పుట్టీ దగ్గర నేను చేసిన తప్పు చెప్తాను. ఈ పనిలో కొత్తలో ఒక డాక్టరుగారి బండికి పుట్టీని నీళ్లతో రుద్ది, సరిగా ఆరకముందే ప్రైమర్ కొట్టేశాను. పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది. ఆరు నెలలకి బానెట్ నిండా పొక్కులు. ఆయన ఒక్క మాట అనలేదు, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కాబట్టి పుట్టీని పొడిగానే రుద్దించు. తుప్పు మీద పుట్టీ అసలే వద్దు, అక్కడ రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. హెడ్‌లైట్ల కింద, డోర్ల కింది అంచుల్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. సర్ఫేసర్, అంటే రంగుకి ముందు సన్నటి గీతలు పూడ్చే పూత కొట్టాక పైన నల్ల రంగు పల్చగా చల్లించి రుద్దించు. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ గుంట ఉన్నట్టు. చివరికి అరచేతి కింద పల్చటి నూలు గుడ్డ పెట్టి, కళ్లు మూసుకుని తడుము. కంటికి అందని ఎగుడుదిగుడు చేతికి తగులుతుంది.

రంగు ఎండాక బత్తాయి తొక్కలా గరుకుగా కనిపిస్తే కంగారు పడకు. పూర్తిగా గట్టిపడనిచ్చి పదిహేను వందలు, తర్వాత రెండు వేల నంబరు పేపర్, ఆపైన మెరుగు పెట్టే కాంపౌండ్. అంచుల దగ్గర మాత్రం టేపు వేసి రుద్దాలి, అక్కడ రంగు పల్చగా ఉంటుంది, ఇట్టే ప్రైమర్ బయటపడుతుంది. వ్యాక్స్ మాత్రం ఒక నెల ఆగి పెట్టు.

వానలు పూర్తిగా తగ్గాక మొదలుపెట్టు. సర్ఫేసర్ రుద్దడం అయిన రోజు ఫోన్ చెయ్యి, వచ్చి నా చేత్తో ఒకసారి తడిమి చూస్తాను. అప్పటిదాకా రంగు డబ్బా మూత తీయనివ్వకు.

మీ పెద్దనాన్న