కొత్త విమానం చేతికొచ్చే ముందు

మర్రిపాలెం, విశాఖపట్నం

చి. చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

ఎయిర్‌ఫోర్స్‌లో మిగ్-21ల మెకానిక్‌గా పనిచేసిన నిన్ను మన దేశంలోనే తయారయ్యే తేజస్ మార్క్ 1ఏ యుద్ధ విమానం ట్రైనింగ్‌కి పంపిస్తున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎక్కడ, ఎప్పుడు అని నేనడగను, నువ్వూ చెప్పకు. హ్యాంగర్ ముందు సెల్ఫీ దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టే పని అసలే వద్దు. మీ అమ్మకి ఒకటే టెన్షన్, కొత్త మిషన్ కదా, వీడికి అబ్బుతుందా అని. అబ్బుతుందిలే అన్నాను. కానీ పాత పనిలోంచి ఏది వెంట తీసుకెళ్లాలో, ఏది ఇక్కడే వదిలెయ్యాలో నువ్వు తేల్చుకోవాలి.

మిగ్‌ల దగ్గర మనం చెవితో, చేత్తో పనిచేశాం. ఇంజిన్ మోత విని ఎక్కడో తేడా ఉందని చెప్పేవాళ్లు మా రోజుల్లో ఉండేవారు. వాళ్లకి హ్యాంగర్‌లో రాజమర్యాదలు. తేజస్ దగ్గర ఆ పప్పులుడకవు. దానిది నాలుగు చానళ్ల డిజిటల్ ఫ్లై-బై-వైర్, అంటే పైలట్ చేతి కదలికని కంప్యూటర్లు అందుకుని వైర్ల ద్వారా విమానాన్ని తిప్పే పద్ధతి. తప్పు ఎక్కడుందో చాలావరకు తనే కోడ్ రూపంలో చెబుతుంది. నువ్వు మాన్యువల్ తెరిచి, అందులో ఉన్న వరసలోనే వెళ్లాలి. ‘ఒకసారి ఆపి ఆన్ చేశాను, పోయింది సార్’ అనేవాళ్లు ప్రతి చోటా తయారవుతారు. నువ్వు మాత్రం పోయిన కోడ్‌ని కూడా రాసి పెట్టు. నాలుగు సార్లు ఎగిరొచ్చిన తర్వాత అదే మళ్లీ వస్తే, ఎక్కడో కనెక్టర్ వదులైందని ఆ రాతే పట్టిస్తుంది.

వీటన్నిటికంటే నాకు భయం కాంపోజిట్ దగ్గర. మిగ్ లోహం. స్పానర్ జారి రెక్క మీద పడితే సొట్ట పడుతుంది, ఎవడైనా చూస్తాడు. తేజస్ ఎయిర్‌ఫ్రేమ్ బరువులో 45 శాతం దాకా కార్బన్ కాంపోజిట్, అంటే పొర మీద పొర పేర్చి గట్టిపరిచిన సరుకు. దాని మీద స్పానర్ పడితే పైన గీతైనా కనబడకపోవచ్చు, లోపల మాత్రం పొరలు విడిపోయి ఉండొచ్చు. ఆ తర్వాత గాల్లో లోడ్ పడినప్పుడల్లా అది పెరిగే ప్రమాదం ఉంది. అందుకని చేతిలోంచి ఏం జారినా, ఎవరూ చూడకపోయినా, అప్పటికప్పుడు రిపోర్ట్ చెయ్యి. పడిన చోట గుర్తు పెట్టించు. అల్ట్రాసౌండ్‌తో పరీక్షించేవాళ్లు వచ్చి బాగానే ఉందనేదాకా ఆ విమానాన్ని కదలనివ్వకు. తిట్లు పడతాయి, పడనీ.

ఇంకోటి. విశాఖ వాడివి, ఉప్పుగాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు, బీచ్ వైపు ఇళ్ల కిటికీ గ్రిల్స్ చూస్తూనే పెరిగావు. కార్బన్, అల్యూమినియం నేరుగా తగిలి, మధ్యలోకి తేమ చేరితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. అందుకే రెండిటి మధ్యా సీలెంటో, గ్లాస్ పొరో పెడతారు. పానెల్ విప్పి బిగించేటప్పుడు ఆ సీలెంట్ చిట్లితే ‘ఇదేముందిలే’ అనుకోకు. బోల్టు కూడా మాన్యువల్‌లో ఉన్నదే వాడు. పాత డబ్బాలోది సైజు సరిపోయిందని పెట్టావా, చెడిందన్నమాటే.

వెంట తీసుకెళ్లాల్సినవి నీకు తెలిసినవే: పని ముందూ తర్వాతా టూల్స్ లెక్క, బోల్టులు వదులు కాకుండా కట్టే లాకింగ్ వైర్ సరిగ్గా చుట్టడం, ఫారం 700లో (విమానం పనుల రికార్డులో) చేసిన పనికే సంతకం పెట్టడం, పొద్దున్నే వరసగా నిలబడి టార్మాక్ మీద రాళ్లూ మేకులూ ఏరడం. ఈ చివరిది విసుగు పని. అయినా తేజస్ దగ్గర దాని విలువ పెరుగుతుంది, ఎందుకో చెబుతాను. మన కిరండూల్ లైన్ ఎక్కి అరకు దాటి పోతే కోరాపుట్ వస్తుంది. అక్కడ సునాబెడాలో 1960ల్లో మిగ్ ఇంజిన్ల కోసం పెట్టిన, ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ ఉంది (వైజాగ్‌లో చాలామందికి ఈ సంగతే తెలీదు). ఇప్పుడక్కడ సుఖోయ్-30కి ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజిన్లు తయారవుతున్నాయి, 2024 సెప్టెంబర్‌లో 240 ఇంజిన్లకి ఆర్డర్ వచ్చింది. తేజస్‌కి ఆ సుఖం లేదు. దాని ఎఫ్404 ఇంజిన్ అమెరికా నుంచి రావాలి, మార్క్ 1ఏ ఆలస్యానికి ముఖ్యమైన కారణాల్లో అదొకటి. పైగా ఉన్నది ఒకటే ఇంజిన్. ఇన్‌టేక్‌లోకి పోయిన చిన్న గులకరాయి ఆ విమానాన్ని ఎన్నాళ్లు కూర్చోబెడుతుందో ఊహించుకో.

మన ఎయిర్‌ఫోర్స్ బలం మీద పేపర్లలో వచ్చే అంకెల గురించి మీ నాన్నతో వాదించావట. మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకి వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29, నిజమే. 83 తేజస్‌లకి 2021లో, ఇంకో 97కి 2025లో ఒప్పందాలయ్యాయి, అదీ నిజమే. కానీ 126 యుద్ధ విమానాలు కొంటామని 2007లో మొదలుపెట్టిన టెండర్ చివరికి రద్దయి, 36 ఫ్రెంచి రఫేల్ విమానాల దగ్గర తేలింది. అక్కడ అంకెలు మారుతూనే ఉంటాయి. నీ అంకె వేరు, పొద్దున ఎన్ని విమానాలు ఎగరడానికి రెడీగా ఉన్నాయన్నది. స్క్వాడ్రన్‌లోని పదహారు విమానాల్లో నాలుగు స్పేర్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నా పేపరువాడు దాన్ని ఒక స్క్వాడ్రన్ అనే రాస్తాడు. రఫేల్ ఒప్పందంలో నాకు బాగా నచ్చింది క్షిపణులు కాదు, ఎప్పుడు చూసినా 75 శాతం విమానాలు రెడీగా ఉండాలన్న షరతు. 2020 జూలై 29న మొదటి అయిదూ అంబాలాలో దిగేనాటికి మన టెక్నీషియన్లు ఫ్రాన్స్‌లో ట్రైనింగ్ తీసుకున్నారు.

కాబట్టి విమానం ఆలస్యమైందని గోళ్లు గిల్లుకుంటూ కూర్చోకు. తేజస్ తయారుచేసే హెచ్‌ఏఎల్ మనుషులు దొరికినప్పుడే పక్కన నిలబడి అడుగు, సిగ్గుపడకు. నోట్స్ బాగా రాసుకో, రాసుకున్నవి అక్కడే అప్పజెప్పి రా. విమానాలొచ్చాక స్పేర్ కావాలంటే ఆ రోజే స్టోర్స్‌కి డిమాండ్ పెట్టు. పక్క విమానంలోది పీకి బిగిస్తే సాయంత్రానికి గండం గడుస్తుంది గానీ, పని రెట్టింపవుతుంది, రెండో విమానమూ మూలన పడుతుంది. పైనుంచి ఆర్డర్ ఉంటే తప్ప ఆ దారి పట్టకు.

మీ అత్తయ్య నీకు పెన్నుల సెట్టు పంపిస్తానంటోంది. మూతలున్నవి వద్దని చెప్పాను. డాంగ్రీ (పనిలో వేసుకునే డ్రెస్) జేబులోంచి మూత జారితే దాన్ని వెతికేదాకా విమానం కదలదు. నొక్కే పెన్నులే పంపిస్తుంది.

మామయ్య